లోయకు పోయిన రొట్టెలు

పళ్ళెం ఖాళీ అయినంత మాత్రాన మనిషి తిన్నట్టు కాదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు ఇరవయ్యారేళ్ళ ఉద్యోగం పట్టింది. కువైట్‌కు హోమ్ నర్సులుగా పోవడానికి కాగితాలు చేయించుకుంటున్న అమ్మాయిలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. అరబ్బీ ఎంత రావాలి, అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఇఖామా, ఎన్నాళ్ళకు కొడతారు, మామా అని పిలిచే ఇంటావిడ మంచిది కాకపోతే ఏం చెయ్యాలి అని అడుగుతారు. తెలిసినంతవరకు చెబుతాను. ఆ తరువాత, వాళ్ళు అడగకపోయినా, ఈ సంగతి కూడా చెబుతాను. 

నేను చార్టు రాసే మనిషిని. ఏ ఇంట్లో ఉన్నా రెండు పుస్తకాలు పెట్టేదాన్ని. ఒకటి ఇంటివాళ్ళకూ డాక్టరుకూ. రెండోది నాది. మొదటి పుస్తకంలో రాసిన ప్రతి అంకె సాయంత్రానికి నా పుస్తకంలోకి ఎక్కాల్సిందే. బీపీ, షుగరు, మాత్ర వేసిన నిమిషం, తిన్నదెంత, తాగిందెంత. "ఉదయం ఇచ్చాను" అని రాసే నర్సులంటే నాకు గిట్టదు. ఉదయం అంటే ఆరూ పదా, ఏడూ నలభయ్యా? దజీజ్‌లోని మా ఏజెన్సీ ఆఫీసులో కొత్తగా దిగిన పిల్లలకు నా చార్టులు తీసి చూపించేవారు. అన్నేళ్ళలో ఒక్క కొట్టివేత లేదని నేనే అందరికీ చెప్పుకునేదాన్ని.

ఇది జరిగిన ఇల్లు అహ్మది పక్కన ఉంది. ఆ ఇంటి పెద్దాయనను మేమంతా బాబా అనేవాళ్ళం. ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను చేరేనాటికి ఆయనకు ఎనభై ఒకటి. షుగరుకు రోజూ భోజనానికి ముందు ఇన్సులిన్ సూది, ఎడమ కాలు బలహీనం, పైగా మతిమరుపు మొదలైందని డాక్టరు రాశాడు. భార్య పోయింది. ఒక్కడే కొడుకు, ఆయనా ఇంజనీరే. పొద్దున ఆఫీసుకు పోతే సాయంత్రం నాలుగు దాటాకే వస్తాడు. కోడలూ పిల్లలూ వేసవి మూడు నెలలూ లండన్‌లోనే. అప్పుడు ఇంట్లో మిగిలేది బాబా, నేను, వంట చేసే ఆమె, డ్రైవరు. వంటామెది మా జిల్లాయే, రాయచోటి పక్క. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంది. డ్రైవరుది కోనసీమ. మాటకు ముందో "ఆయ్", వెనకో "అండీ" లేకుండా మాట్లాడడు.

బాబాకు ఒక పిచ్చి ఉండేది. పాత అమెరికాలో గుర్రాల మీద తిరుగుతూ రైళ్ళూ బ్యాంకులూ దోచుకున్న కౌబాయ్ దొంగలు ఎక్కడెక్కడ దాక్కునేవారో ఆయనకు కంఠతా వచ్చు. చదువుకునే రోజుల్లో, సెలవుల్లో, పాత కారొకటి వేసుకుని ఆ చోట్లన్నీ తిరిగి చూశారట. ఇంటి కింద నేలమాళిగలో ఒక పెద్ద గది నిండా అవే. ఒక జీను, నాలుగు లాంతర్లు, మ్యాపులు, పుస్తకాలు. ఒక గోడకు పైనుంచి కింది దాకా గుడ్డ మీద అచ్చేయించిన బొమ్మ వేలాడుతుండేది. ఎర్రటి కొండచరియ, మైళ్ళ పొడుగునా గోడ కట్టినట్టు. వయోమింగ్ అనే చోట ఉందట. ఆ గోడలో ఒక్కచోట మాత్రం మనిషీ గుర్రమూ పట్టే సందు. దాని వెనక పచ్చిక లోయ.

"దాక్కోవడానికి ఏమేం కావాలో తెలుసా, షెరీఫ్?" అని అడిగారు ఒకసారి. షెరీఫ్ అంటే ఆ కథల్లో దొంగల వెంటపడే అధికారి. నేను చేరిన మొదటి రోజే ఫ్రిజ్‌లో ఉన్న బక్లావా మిఠాయి ముక్కలు లెక్కపెట్టి తాళం వేశాను. అప్పటినుంచీ నాకదే పేరు.

"ఏం కావాలి బాబా?"

"నాలుగు. లోపలికి పోవడానికి ఒకే ఒక ఇరుకు దారి. నీళ్ళు. గుర్రాలకు గడ్డి. నాలుగోది నువ్వు చెప్పు."

"తుపాకులు."

"అందరూ అదే అంటారు. తుపాకులు నీలాంటి షెరీఫుల దగ్గరా ఉన్నాయి. నాలుగోది, చుట్టుపక్కల పశువులు మేపుకునేవాళ్ళు నోరు మూసుకుని ఉండటం."

మూడు రాష్ట్రాలు కలిసేచోట ఒక లోయ ఉండేదట. ఒక షెరీఫ్ తరిమితే దొంగలు వాగు దాటి పక్క రాష్ట్రంలో కూర్చునేవారట. అతని అధికారం వాగు దగ్గరే ఆగిపోయేది. దోపిడీకి ముందే దారి పొడవునా మధ్యమధ్య కొత్త గుర్రాలను కట్టేసి ఉంచేవారట, అలిసిన గుర్రం దిగి తాజా గుర్రం ఎక్కడానికి. దొంగలకు ఇంత ముందుచూపు ఉందే, మా ఆస్పత్రుల్లో డ్యూటీ మార్చేవాళ్ళకు ఎందుకు లేదు అన్నాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. మా వైపు కొండల్లోనూ ఎర్రచందనం దుంగలు దాస్తారని, కింద ఊళ్ళలో పోలీసులు అడిగితే ఆవులు కూడా మాట్లాడవని చెప్పాను. అది ఆయనకు బాగా నచ్చింది. ఆ రోజునుంచి మా శేషాచలం కొండలు కూడా ఆయన మ్యాపుల్లో చేరాయి. పెన్సిలుతో ఒక సున్నా చుట్టారు.

"వాళ్ళేం మంచివాళ్ళు కాదు," అని కూడా అనేవారు. "చంపినవాళ్ళున్నారు. నేను వాళ్ళ కోసం పోలేదు అక్కడికి. వాళ్ళకు రొట్టె పెట్టి, మర్నాడు షెరీఫ్ వచ్చి అడిగితే గుర్రాల చప్పుడే వినలేదని చెప్పిన ముసలమ్మలు ఉన్నారు చూడు, వాళ్ళ ఇళ్ళు చూద్దామని పోయాను. ఒక్కటీ మిగల్లేదు."

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన కిందికి దిగి అరగంట కూర్చునేవారు. మెట్లు పద్నాలుగు. దిగడం ఎక్కడం కాలికి మంచిదని ఫిజియోథెరపీ ఆయన చెప్పాడు గనుక నేను ఒప్పుకున్నాను. డ్రైవరు చెయ్యి పట్టుకుని దింపి, పైకి తెచ్చేవాడు. నా కుడి మోకాలు మెట్లు దిగనిస్తుంది గానీ ఎక్కనివ్వదు. చేరిన రోజున ఒక్కసారి దిగి, కాలికి తగిలే సామాన్లన్నీ రాసుకుని వచ్చాను. మళ్ళీ దిగలేదు. ఆ అరగంట మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని చార్టు పూర్తిచేసేదాన్ని.

భోజనం దగ్గర కూడా ఒక ఒప్పందం ఉండేది. తినేటప్పుడు ఎవరైనా నోటివంక చూస్తుంటే ముద్ద దిగదని ఆయన పట్టు. అందుకని ఒంటిగంటా ఇరవైకి సూది వేసి, పళ్ళెం ముందు పెట్టించి, నేను పక్కగదిలోకి పోయేదాన్ని. రెండు గంటలకు వచ్చి పళ్ళెం చూసేదాన్ని. రెండు కుబ్బూసు రొట్టెలు, గరిటెడు అన్నం, చేప. పళ్ళెం ఖాళీ. "పూర్తిగా తిన్నారు" అని రాసేదాన్ని. వంటింట్లో కూడా నాదే లెక్క. కుబ్బూసు ప్యాకెట్‌లో ఎన్ని ఉన్నాయి, ఎన్ని వాడాం, ఎన్ని మిగిలాయి అని పొద్దునా సాయంత్రమూ చూసేదాన్ని. షుగరు మనిషి ఇంట్లో తిండి లెక్క తప్పితే సూది లెక్క తప్పుతుంది.

జూన్ మూడో తేదీ సాయంత్రం నాలుగింటికి బాబా షుగరు అరవై ఒకటి. అంతకుముందు ఆ వేళకు నూట ముప్పైకి తగ్గేది కాదు. జ్యూస్ ఇచ్చాను, కుదురుకున్నారు. మర్నాడు అరవై నాలుగు. ఆ మర్నాడు యాభై ఎనిమిది. మిషన్ పాడైందేమోనని కొత్తది తెప్పించాను. ఇన్సులిన్ ఎండకు చెడిందేమోనని కొత్త సీసా తెరిచాను. చివరికి వంటామెను నిలదీశాను.

"కుబ్బూసు చిన్నవి తెస్తున్నావా ఏంది?"

"నేనేం చేస్తానక్కా, ప్యాకెట్లో వచ్చిందే పెడతాండా. నువ్వే గదా లెక్క చూసేది." నా వైపు చూడకుండా ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

డ్రైవరు గుమ్మంలోంచి అన్నాడు. "ఆయ్, అంత తిండి తిన్నా షుగరు తగ్గుతోందంటే మంచిదే కదండీ మేడంగారూ. మా ఊళ్ళో అయితే కొబ్బరికాయ కొట్టేవాళ్ళండీ."

"నీకు పగిలేది కొబ్బరికాయ కాదు, పో," అన్నాను.

తొమ్మిదో తేదీన డాక్టరు సూది రెండు యూనిట్లు తగ్గించాడు. అయినా అరవై ఆరు. వయసు, మతిమరుపు, శరీరం తీరు మారుతోంది అన్నాడు. ఆ మాటకు బలం కూడా ఉంది. ఎందుకంటే, పళ్ళెం చూడటానికి నేను వచ్చినప్పుడల్లా బాబా ఒకటే అనేవారు. "రెండు రొట్టెలు లోయకు పోయాయి, షెరీఫ్."

నేను తలూపి పుస్తకంలో రాసేదాన్ని. అయోమయం, పాత కథలు.

జూన్ ఇరవై ఒకటి. సాయంత్రం చుట్టాలు వస్తున్నారని కొడుకు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, వంటామెనూ డ్రైవరునూ జమియాకు పొమ్మన్నాడు. జమియా అంటే పేటలోని సహకార దుకాణం. వాళ్ళు ఒంటిగంటా యాభైకి పోయారు. రెండూ రెండుకు పళ్ళెం ఖాళీ. బాబా లేచి నిలబడ్డారు.

"డ్రైవరు రానివ్వండి బాబా."

"గుర్రం లేనప్పుడు మనిషి నడుస్తాడు. జరుగు."

మెట్ల దాకా చెయ్యి పట్టుకుని పోయాను. ఒక చేతికి మెట్ల కమ్మీ, ఇంకో చేతికి కర్ర ఇచ్చాను. కర్ర చప్పుడు లెక్కపెట్టాను. పద్నాలుగు. క్షేమంగా దిగారని కుర్చీలో కూర్చుని చార్టు తెరిచాను. రెండున్నర దాటింది. పిలిచాను. "ఊఁ" అన్నట్టే వినిపించింది. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గు. వినిపించిందో, వినాలనుకున్నానో నాకే తెలియదు.

రెండూ యాభైకి మెట్ల మీద అడుగుల చప్పుడు వచ్చింది. కర్ర లేదు. వట్టి పాదాలు, రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కుతున్నాయి. నేలమాళిగలో బాబా తప్ప ఎవరూ లేరు. నా చేతిలో పెన్ను అలాగే ఉంది. మెట్ల మలుపులోంచి ఒక ఆడపిల్ల వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. బుగ్గలు పీక్కుపోయాయి. చున్నీ లేదు, తల దువ్వి లేదు, కళ్ళు వెలుతురుకు తెరుచుకోవడం లేదు.

"అక్కా, ముసలాయన పడిపోయినాడు. చెమట్లు పట్టినాయి, మాట లేదు. ఖర్జూర పాకం చిగుళ్ళకు రాసినా. బిరీన రా అక్కా."

తెలుగు. మా ఊరి తెలుగు. నువ్వెవరు అని అడగాల్సింది. నేను అడిగింది అది కాదు.

"ఎన్ని గంటలకు రాశావు?"

"రెండూ ముప్పై ఎనిమిదికి ఒకసారి. నలభై ఐదుకు ఇంగోసారి. ఆడ గడియారం ఉండాది."

ఆ పద్నాలుగు మెట్లూ ఎలా దిగానో తెలియదు. రెండూ యాభై రెండుకు బాబా పక్కన మోకాళ్ళ మీద ఉన్నాను. ఆయనను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంది. తల కింద మడిచిన చున్నీ. షుగరు నలభై తొమ్మిది, అదీ పాకం రాశాక. రాయకపోయి ఉంటే ఎంత ఉండేదో నర్సులైన మీకు నేను చెప్పక్కర్లేదు. మళ్ళీ రాశాను. మింగుతున్నారు. మూడూ ఏడుకు డెబ్భై ఎనిమిది. కళ్ళు తెరిచారు.

"షెరీఫ్," అన్నారు సన్నగా. "లోయలోకి వచ్చేశావే."

అప్పుడు తల ఎత్తి చూశాను. ఎర్రకొండ బొమ్మ గుడ్డ ఒక పక్కకు తొలగి ఉంది. దాని వెనక గోడ లేదు, తలుపు ఉంది. చలికాలం ఎడారిలో వేసుకునే గుడారాలు, తివాచీలు, కాఫీ కూజాలు దాచే కొట్టు అది. నవంబరు దాకా దాన్ని ఎవరూ తెరవరు. చుట్టిపెట్టిన గుడారాల మధ్య ఒక చాప, ఒక బకెట్టు, ఒక ఖర్జూర పాకం సీసా. గోడకు ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద మాటలు నావి. "బాబాకు చెమట పట్టి మాట తడబడితే నీళ్ళు పట్టొద్దు. పక్కకు తిప్పి చిగుళ్ళకు పాకం రాయండి. టైము చూసుకోండి." వంటింటి తలుపుకు నేను అంటించిన కాగితాన్ని చూసి వంటామె ఎత్తి రాసింది. చాప మీద ఆ రోజు రొట్టెలు రెండూ ఉన్నాయి, జేబురుమాలులో మడిచి. తుంచను కూడా లేదు.

రెండు రొట్టెలు లోయకు పోయాయి. ఆయన పంతొమ్మిది రోజులుగా నాకు మొహం మీదే చెబుతున్నారు. ఆ ఇంట్లో నాతో నిజం చెప్పింది ఆయన ఒక్కరే. ఆయనకు మతి చలించిందని సంతకం పెట్టి మరీ రాసింది నేను.

 అక్కడే జీను పక్కన కూర్చుండిపోయాను. ఆ పిల్ల నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇచ్చిన చేతిని పట్టుకుని చూశాను. ఎడమ చేతి ఉంగరపువేలు విరిగి, కట్టు కట్టకుండానే వంకరగా అతికింది. మోచేతి పైన పచ్చబడిన కమిలిన దెబ్బలు. అడగకుండానే చెప్పింది. రెండు వీధుల అవతల ఒక ఇంట్లో పని. ఆ ఇంటి పనితోపాటు వాళ్ళ అక్క ఇంటి పని కూడా. ఫోను తీసేసుకున్నారు. వేలు తలుపు సందులో పెట్టి తలుపు వేశారు. చెత్త వేయడానికి బయటికి వచ్చిన రోజు పారిపోయింది. వాళ్ళు పారిపోయిందని కేసు పెట్టేశారు. ఇక దొరికితే ఆ పిల్ల మాట ఎవరు వింటారు? చెత్తడబ్బాల దగ్గర తెలుగు మాట వినిపించి మా వంటామె కాళ్ళు పట్టుకుంది.

వంటామె మూడూ ఇరవై ఐదుకు చేపల సంచీతో కిందికి వచ్చి, మమ్మల్ని చూసి సంచీ జారవిడిచింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నువ్వు రాసేస్తావు గదక్కా." కోపం లేదు ఆ గొంతులో. ఎండ కాస్తుంది గదా అన్నట్టు అంది. "నా పళ్ళెంలోది రాత్రిపూట దాస్తాంటి. పగలు వంటింట్లోంచి ఒక్క ముక్క తీయాలంటే నీ లెక్కకు దొరికిపోతా. రెండోనాడు బాబానే చూసినాడు దీన్ని. అరుస్తాడనుకుంటి. జేబులోంచి కుబ్బూసు తీసి పెట్టినాడు. లోయలో మనిషికి తిండి పెట్టాల, షెరీఫ్‌కు చెప్పొద్దు అన్నాడు. డ్రైవరుకూ అదే చెప్పినాడు."

నా లెక్క అంత గట్టిగా ఉండబట్టే రొట్టె రోగి పళ్ళెంలోంచి పోవాల్సి వచ్చింది. సూది మాత్రం ఆ రొట్టె తిన్నట్టే వేస్తూ వచ్చాను. ముగ్గురు కలిసి దాచింది ఆ పిల్ల యజమానుల నుంచి కాదు, నా పెన్ను నుంచి.

"పైకి ఎందుకు వచ్చావు?" అని పిల్లను అడిగాను. "మాకు తెలిసిపోతుందని తెలుసు కదా."

"రొట్టె పెట్టిన చెయ్యి గదక్కా," అంది.

బాబాను పైకి తెచ్చి పడుకోబెట్టాం. డాక్టరుకూ కొడుకుకూ ఫోన్ చేశాను. చార్టు ముందు కూర్చున్నాను. అలవాటు చెడలేదు. 2:38 చిగుళ్ళకు ఖర్జూర పాకం. 2:45 మళ్ళీ పాకం. 2:52 నర్సు చేరుట, షుగరు 49. 3:07 షుగరు 78. పాకం రాసింది ఎవరో రాయలేదు. పేరు లేకుండా గట్టెక్కించాను, అదే పెద్ద తెలివి అనుకున్నాను.

కొడుకు నాలుగూ పదికి వచ్చాడు. తండ్రి నుదురు తాకి చూసి, నేరుగా పుస్తకం తీశాడు. రోజూ చదివే మనిషే. వేలు ఒక అంకె మీద ఆగింది.

"మీరు చేరింది రెండూ యాభై రెండుకు. రెండూ ముప్పై ఎనిమిదికి పాకం పెట్టింది ఎవరు?"

నేను పెన్నుకు మూత పెట్టాను.

"వంటామె కాదు. రెండూ నలభైకి ఆమె జమియా నుంచి నాతో ఫోన్లో ఉంది, ఏ చేప తేవాలో అడుగుతూ. డ్రైవరు ఆమెతోనే ఉన్నాడు. మరి కింద మా నాన్నతో ఎవరున్నారు?"

 నిమిషాలతో సహా రాసే నా అలవాటే ఆ పిల్లను పట్టి ఇచ్చింది. వంటామె గుమ్మంలో నిలబడి నా పెదాల వంక చూస్తోంది. నిజం చెబితే నా చార్టుకు మచ్చ లేదు, నా ఉద్యోగానికి ఢోకా లేదు. పిల్ల పోలీసు స్టేషనుకు, అక్కణ్ణుంచి ఆ ఇంటికో జైలుకో. దాచిపెట్టినందుకు వంటామె కూడా. మంచం మీద బాబా కళ్ళు తెరిచే ఉన్నారు. ఆయన కూడా నా వంకే చూస్తున్నారు. షెరీఫ్ వచ్చి అడుగుతున్నప్పుడు గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ గుర్తుకొచ్చింది.

"తప్పు రాశాను," అన్నాను. "పాకం పెట్టింది నేనే. రెండూ యాభై రెండుకు. కంగారులో టైము తప్పు పడింది."

పుస్తకం అడిగి తీసుకున్నాను. 2:38 మీద, 2:45 మీద అడ్డంగా గీత గీసి పక్కన సంతకం పెట్టాను. ఇరవయ్యారేళ్ళలో మొదటి కొట్టివేతలు అవి. రెండూ అబద్ధం.

ఆయన ఆ గీతల వంక చూశాడు.

"ఈ ఇంట్లో తప్పనిది షెరీఫ్ గడియారం ఒక్కటే అంటారు మా నాన్న."

"ఈ రోజు తప్పింది."

"అలాగైతే మిమ్మల్ని ఉంచలేను. రేపు పొద్దున ఏడింటికి కారు ఉంటుంది. ఏజెన్సీకి నేను చెబుతాను. ఖలాస్." పుస్తకం మూసి, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఏజెన్సీ వాళ్ళు నా ఫైలులో "రికార్డులో సమయం తప్పు" అని రాశారు. ఇంకా రెండేళ్ళు వేరే ఇళ్ళలో చేశాను. కొత్తపిల్లలకు నా చార్టులు చూపించడం మాత్రం మానేశారు.

మర్నాడు పొద్దున బాబా నాస్తా చేస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. ఆయన రొట్టె నోట్లో పెట్టుకుని ఆగారు.

"ఏం చూస్తున్నావు?"

"మీరు మింగేదాకా లేవను."

నమిలి, మింగి, నోరు తెరిచి చూపించారు, చిన్నపిల్లాడిలా. "ఇప్పుడు నేర్చుకున్నావు," అన్నారు. "ఇప్పుడే పంపేస్తున్నారు."

ఏడింటికి పెట్టె పట్టుకుని బయటికి వచ్చాను. పిల్లను రెండు మూడు రోజుల్లో ఎలాగైనా మన ఎంబసీకి చేర్చమని, అక్కడ ఆశ్రయం ఇస్తారని ముందురోజు సాయంత్రమే వంటామెకు చెప్పి ఉంచాను. ఎలా చేరుస్తుందో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. కారు వెనక తలుపు తెరిచి ఆగిపోయాను. లోపల వంటామె నల్ల అబాయా వేసుకుని, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని ఆ పిల్ల కూర్చుని ఉంది.

"ఇదేంటయ్యా?" అన్నాను డ్రైవరుతో. 

"ఎక్కండీ మేడంగారూ. ఆయ్, చిన్నబాబాగారు చెప్పారండీ. ఏజెన్సీ ఆఫీసు తరవాత, ముందు మీ ఎంబసీకి పోనీ అన్నారండీ. ఇద్దరున్నారు, ఇద్దర్నీ జాగ్రత్తగా దింపు అన్నారండీ."

"ఆయనకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నిన్న సాయంత్రం చుట్టాలు వెళ్ళాక కిందకి దిగారండీ. ఆ ఎర్రగుడ్డ ముందు కాసేపు నుంచున్నారంట. గుడ్డ ముట్టుకోలేదంట. పైకొచ్చి వంటావిడతో, ఆ కథలు వింటూ పెరిగినోణ్ణి, నాకు తెలీదనుకున్నారా అన్నారంటండీ."

దారి పొడుగునా, పోలీసు బండి పక్కనుంచి పోయినప్పుడల్లా పిల్ల తల దించుకునేది. ఇరవై ఎనిమిది నిమిషాల్లో చేరాం.

లోపల ఒక ఆఫీసరమ్మ కాగితం పెట్టి పేరు, ఊరు రాసుకుంది. ఇంట్లోంచి ఏ తేదీన వచ్చావు అని అడిగింది. కేసు పెట్టిన తేదీతో సరిచూడాలి, సరిగ్గా చెప్పమంది. పిల్ల నా వంక చూసింది.

"తెలీదక్కా. కిందే ఉంటి. పగలో రాత్రో కూడా తెలీదు. నెలా?"

నా సంచీలోంచి నా పుస్తకం తీశాను. వేలు పెట్టి వెనక్కి లెక్కపెట్టాను. అరవై ఆరు, యాభై ఎనిమిది, అరవై నాలుగు, అరవై ఒకటి. మొదటి రొట్టె పోయింది జూన్ మూడు. అప్పటికి వచ్చి రెండోరోజు.

"జూన్ రెండు," అన్నాను. "ఇరవై రోజులు. నీ లెక్క నా దగ్గరుంది."

జూలై పద్నాలుగున ఆ పిల్ల ఊరు చేరిందని వంటామె ఫోన్ చేసింది. బాబా షుగరు సాయంత్రాలు నూట నలభై ఉంటోందని కూడా చెప్పింది.

ఎంబసీ నుంచి వచ్చిన రోజు ఏజెన్సీ గదిలో మంచం మీద కూర్చుని నా పుస్తకం మళ్ళీ తెరిచాను. 2:38, 2:45 ఇందులో ఎలా రాశానో అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. జూన్ మూడు నుంచి మొదలుపెట్టి, "అయోమయం" అని రాసిన చోట్లు వెతికాను. పంతొమ్మిది ఉన్నాయి. ఒక్కోదాని మీద గీత గీసి, పక్కన సంతకం పెట్టి, పైన "రెండు రొట్టెలు లోయకు" అని రాశాను.